తివాచీ మీద కొండ

అనంతపురంలో మంచు అంటే ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టేదే. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే ‘ఈసారి పర్వాలేదప్పా’ అనుకునే జిల్లా మాది. ఇక్కణ్ణుంచి న్యూజెర్సీలో కొడుకు దగ్గరికి పోతే, అరవై దాటినోణ్ణి పట్టుకుని స్కీయింగ్ నేర్చుకోమన్నాడు. “మంచు మీద కాదులే నాయనా, ముందు మిషన్ మీద” అని ధైర్యం చెప్పాడు.

వెడల్పాటి తివాచీ ఒకటి ఏటవాలుగా, కిందినుంచి పైకి తిరుగుతుంటుంది. జిమ్ముల్లో ఉండే ట్రెడ్‌మిల్‌ను నాలుగైదు మంచాలంత చేసి ఒక పక్క ఎత్తిపెట్టినట్టు. మనం కిందికి జారుతుంటాం, అది పైకి పోతుంటుంది, లెక్క సరిపోయి ఉన్నచోటే ఉంటాం. ఎదురుగా నిలువెత్తు అద్దం, పట్టుకోవడానికి ఒక కడ్డీ. నా చూపు మాత్రం నీళ్ల మీద పడింది. జారుడు తగ్గకుండా తివాచీని తడుపుతూనే ఉన్నారు. అక్కడ ఎవరికీ అదొక విషయమే కాదు. చీనీ తోటలో డ్రిప్పు చుక్కలు లెక్కపెట్టే ఊరివాణ్ణి, నాకు మనసు చివుక్కుమంది.

మా ఊరి గుట్ట మీద జారుడుబండ ఉండేది. ఈతమట్ట మీద కూర్చుని, కాళ్లు ముందుకు చాపి, వీపు వెనక్కి వాల్చేవాళ్లం. భయమేస్తే ఇంకాస్త వాల్చేవాళ్లం. నిక్కర్లు చిరిగేవి గానీ ఆ పద్ధతి ఎప్పుడూ మోసం చెయ్యలేదు. మిషన్ మీద అదే కొంప ముంచింది. గట్టి ప్లాస్టిక్ బూట్లలో చీలమండ కదలదు. మోకాలి కింది ఎముకను బూటుకు ఆనించి, పల్లం వైపే వంగాలి. వెనక్కి వాలామా, స్కీల ముందు భాగం తేలికై మాట వినదు. పది నిమిషాల్లో మూడుసార్లు కూలబడ్డా. పడినవాణ్ణి తివాచీ పైకి మోసుకుపోతుంది. నేర్పే అమ్మాయి ప్రతిసారీ బటన్ నొక్కి ఆపి, నవ్వు ఆపుకునేది.

వేగం తగ్గాలంటే స్కీల ముక్కులు దగ్గరికి, తోకలు దూరంగా పెట్టాలి. పిల్లలకైతే దీన్ని ‘పిజ్జా’ అని చెబుతారట. పెద్దలకు స్నోప్లో, అంటే మంచు నాగలి. నాగలి అనేసరికి నాకు ఊపిరాడింది. కుడికి తిరగాలంటే ఎడమ కాలి మీద బరువెయ్యమంది ఆ అమ్మాయి. అదెట్లా అని కాసేపు బుర్ర గోక్కున్నా. చాలు చివర కాడిని కుడికి మళ్లించేటప్పుడు పెద్ద చుట్టు తిరిగేది, కష్టపడేది దాపటెద్దు కదా! ఆ తర్వాత ఎడమ కాలిని ఎద్దు అనుకున్నా. నాలుగు మలుపులు తిరిగా, కడ్డీ వదిలేసి.

మరుసటి వారం ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో అమెరికన్ డ్రీమ్ మాల్‌కు పోయాం. అక్కడి బిగ్ స్నోను 2019 డిసెంబరులో తెరిచారు. ఉత్తర అమెరికాలో కప్పు కింద కట్టిన మొదటి మంచు వాలు అదే. వెయ్యి అడుగుల పొడవు, 160 అడుగుల దిగుడు, బయట ఎండలు మండుతున్నా లోపల సున్నాకు దిగువే. తివాచీ స్కీ అంచును పట్టుకుంటుంది. మంచు పక్కకు జారనిస్తుంది. అన్నిటికంటే, అక్కడ అద్దం లేదు, బటన్ నొక్కేవాళ్లు లేరు. కాళ్లకు వంపు తెలుసు, గుండెకు తెలియదు. మిషన్ నేర్పేది సగమేనని నా లెక్క. అయినా ఆ సగాన్ని తక్కువ చెయ్యలేను. మన లూజ్ ఆటగాడు శివ కేశవన్ మంచు మీద జారే ఆ బండికి చక్రాలు బిగించి హిమాలయాల రోడ్ల మీద సాధన చేసి, 1998 నుంచి 2018 దాకా ఆరు వింటర్ ఒలింపిక్స్ ఆడాడు.

తిరిగొచ్చాక మా గుట్ట ఎక్కా. పిల్లలు జారిన దారి ఇంకా నున్నగా మెరుస్తోంది. ఈసారి ముందుకు వంగి చూద్దామా అనిపించింది. మోకాళ్లు ఒప్పుకోలేదు.