పళ్లెం అంచు మీద పాదం

కూచిపూడి తరంగం చూసేవాళ్ల చూపంతా నర్తకి తలమీది చెంబు మీదో, ముఖం మీదో ఉంటుంది. నా కళ్లు మాత్రం ఆమె ఎక్కి ఆడే ఇత్తడి పళ్లేన్ని వదలవు. అంచును కరిచిపట్టిన వేళ్లు, అటూ ఇటూ సర్దుకుంటుండే మడమలు, ఆ పాట్లన్నీ అక్కడే.

పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు. దేని పని దానిదే. చీలమండ కీలు పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తుంది. పక్కలకు ఒరిగే పని దాని కింద, మడమ ఎముక మీద కూర్చున్న కీలుది. పళ్లెం ఊగితే తూలకుండా కాచేవాటిలో ముఖ్యమైనది అదే. మడమ లేపితే బొటనవేలి మొదలు వెనక్కి వంగుతుంది. దాంతో అరికాలి కింది గట్టి పొర బిగిసి, పాదం వంపు లేచి, మెత్తని పాదం బిర్రుగా అవుతుంది. ఇంగ్లండు వైద్యుడు జె.హెచ్. హిక్స్ 1954లో దీన్ని వివరించాడు.

భరతుడి నాట్యశాస్త్రంలో పాదభేదాలు ఐదు. అంచితంలో మడమ నేలన ఉంటే ముంగాలు లేచి వేళ్లు విచ్చుకుంటాయి. కుంచితంలో మడమ లేచి, వేళ్లతో పాటు పాదం నడుమ కూడా వంగుతుంది. ఆ నడిమి వంపును భరతుడు విడిగా చెప్పడం నాకు ముచ్చటేస్తుంది. బూటు తొడిగితే కనబడనిది అదే మరి.

పామర్రు దగ్గర బందరు రోడ్డు వదిలి చల్లపల్లి వైపు తిరిగితే వచ్చే కూచిపూడిలోనైనా, విజయవాడలో మా క్లాసులోనైనా మొదటి తగాదా, పాదాలు పక్కలకు విప్పి మోకాళ్లు వంచి నిలబడే అరమండితోనే. పాదాలు విప్పమంటే పిల్లలు చీలమండ దగ్గరే మెలిపెడతారు. విప్పుకోవలసింది తుంటి దగ్గర. అది విచ్చుకోకుండా పాదాన్ని బలవంతంగా తిప్పితే వంపు లోపలికి కుంగుతుంది, మోకాలు బొటనవేలికి లోపలగా పడుతుంది. తప్పు పాదానిది, నొప్పి మోకాలిది. అందుకే నేను నేలమీద చతికిలబడి చూస్తాను. “మోకాలు రెండో వేలి మీదికి రావాలి తల్లీ” అంటే, కొందరికి అప్పుడే తుంటి గుర్తొస్తుంది.

ఒంటికాలి మీద నిలబెడితే చీలమండ చుట్టూ స్నాయువులు టకటకా ఎగిరిపడుతూ కనిపిస్తాయి. సాధన కుదిరేకొద్దీ ఆ ఎగురుడు తగ్గి, నిలకడ వస్తుంది. “మా అమ్మాయిని పళ్లెం ఎప్పుడు ఎక్కిస్తారండీ?” అని తల్లులు అడుగుతూనే ఉంటారు. ఆ నిలకడ వచ్చాకే అంటాను. ఇంకో ఏడాది ఆగితే పళ్లెం ఎక్కడికీ పోదు.