కారు చెవిలో మన మాట

మన ఇళ్ళల్లో చెప్పిన మాట వినని వాళ్ళ జాబితా రాయబోతే ఠావు కాగితం చాలదు. పిల్లలు వినరు. పాలవాడు వినడు. పేపరు వెనకాల కూర్చున్న ఆయన సంగతి సరే సరి. "ఊఁ" అంటారు గానీ ఆ "ఊఁ"కి అర్థం ఏ నిఘంటువులోనూ దొరకదు. అలాంటిది, నోటితో చెబితే చాలు పాట పెట్టేసే కారు వచ్చిందంటే ఎవరికి ముచ్చటగా ఉండదు చెప్పండి? పాట మార్చమంటే మారుస్తుందిట, శబ్దం తగ్గించమంటే తగ్గిస్తుందిట. ఎదురు చెప్పదు, విసుక్కోదు.

పుస్తకం వస్తే సమీక్షిస్తాం. సినిమా వస్తే సమీక్షిస్తాం. మాట వినే కారును మాత్రం అమ్మేవాళ్ళ పొగడ్తలకే వదిలేశాం. అదీ భాషతో చేసిన వస్తువే కదా! దానికీ ఒక గొంతుంది, ఒక పదకోశం ఉంది, తనదైన మర్యాద ఉంది. ఈ వారం దాన్నే సమీక్షకు తీసుకుందాం.

ముందు మంచి చెప్పుకోవాలి. బండి నడుపుతూ పాట కోసం తల వంచి వెతకడం ప్రమాదం. వెనకటి కార్లలో కనీసం బొత్తాలుండేవి, చూడకుండా తడిమి తిప్పేవాళ్ళం. ఇప్పుడు వాటి స్థానంలో అద్దంలాంటి తెర వచ్చింది. వేలికి తగిలేదేమీ ఉండదు, కన్ను పెట్టాల్సిందే. ఆ కన్ను రోడ్డు మీదే ఉండాలని చేసిన ఏర్పాటు ఇది. స్టీరింగు మీద మైకు బొమ్మ ఉన్న మీట నొక్కో, దాన్ని పేరు పెట్టి పిలిచో, కావలసింది చెప్పాలి. డ్రైవరు తలకు దగ్గరగా అమర్చిన చిన్న మైకు ఆ మాట అందుకుంటుంది. చిన్న చిన్న ఆజ్ఞలు కారే గుర్తుపడుతుంది. కోరిక కాస్త పెద్దదైతే ఫోను సిగ్నలు మీద ఎక్కడో ఉన్న కంప్యూటర్లకు పంపి, అవి చెప్పిన ప్రకారం పాట పెడుతుంది. ఉద్దేశంలో వంక పెట్టడానికేమీ లేదు.

ఈ విద్య మొదలై చాలా కాలమే అయింది. అమెరికాలో బెల్ ప్రయోగశాల వాళ్ళు 1952లోనే "ఆడ్రీ" అనే యంత్రం తయారుచేశారు. దానికి సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలే తెలుసు, అదీ అలవాటైన గొంతు చెబితేనే బాగా పోల్చుకునేది. కార్లలోకి ఈ సంగతి జోరుగా వచ్చింది మాత్రం 2007లో ఫోర్డు కంపెనీ "సింక్" తర్వాతే. 2014లో యాపిల్ వారి కార్‌ప్లే, 2015లో గూగుల్ వారి ఆండ్రాయిడ్ ఆటో వచ్చి ఫోనునూ కారునూ కలిపేశాయి. మన దేశంలో 2019లో ఎం.జి. హెక్టర్ కారును మాట వినే ఇంటర్నెట్ కారుగా ప్రచారం చేశారు. అప్పట్నుంచీ మధ్యతరగతి వాళ్ళు కొనే కార్లలో కూడా ఇది మామూలైపోయింది.

ఇక పరీక్ష. ఈ యంత్రానికి పరీక్ష పెట్టాలంటే కామారెడ్డి జిల్లా బిచ్కుందను మించిన పరీక్షా కేంద్రం లేదని నా నమ్మకం. ఎందుకంటారా? 1956 నవంబరులో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలో ఉండేవి. దెగ్లూరు అటు బొంబాయి రాష్ట్రంలోకి వెళ్ళింది, బిచ్కుంద ఇటు నిజామాబాద్ జిల్లాలోకి వచ్చింది. 2016లో మళ్ళీ జిల్లా మారి కామారెడ్డి అయింది. ఊరు ఉన్నచోటే ఉంది, చిరునామాలే తిరిగాయి. కర్ణాటక సరిహద్దూ దూరం కాదు. నిజాం కాలపు ఉర్దూ ఎలాగూ నాలుకల మీద ఉంది. అక్కడి ఆడవాళ్ళు ఒక్క వాక్యంలో మూడు భాషలు కలుపుతారు, కలుపుతున్నామని కూడా అనుకోరు.

అలాంటి ఒక ఇంటివాళ్ళతో కలిసి మద్నూరు మీదుగా దెగ్లూరులో పెళ్ళికి వెళ్ళాను. కొడుకు బండి నడుపుతున్నాడు, పక్కన కోడలు, వెనక సీట్లో అత్తగారూ నేనూ. కోడలు బళ్ళో పంతులమ్మ, నలభైమంది పిల్లల్ని ఒక్క మాటతో కూర్చోబెట్టగల మనిషి. మీట నొక్కి, "జర ఆవాజ్ తగ్గియ్యి" అంది. కారు ఇంగ్లీషులో, అర్థం కాలేదు క్షమించమంది. కోడలు ఇంగ్లీషులోకి మారి "వాల్యూమ్ డౌన్" అంది. మళ్ళీ క్షమాపణ. ఆయన అవే రెండు ముక్కలు, అదే ఇంగ్లీషులో, కాస్త బండగా అన్నాడు. శబ్దం టక్కున తగ్గింది.

"ఏం పిల్లా, గీ కారుకు గూడ మొగోని మాటనే ఇనొస్తదా?" అంది అత్తగారు.

"ఇంటి అలవాటే గద అత్తమ్మా!" అంది కోడలు.

అందరం నవ్వాం. కానీ ఆ పెద్దావిడ నోటంట వచ్చినంత సూటి విమర్శ నేను పెద్ద పెద్ద వ్యాసాల్లో కూడా చూడలేదు. అందులో రెండు నేరాలున్నాయి. ఒకటి భాషది, రెండోది గొంతుది. విడివిడిగా చూద్దాం.

భాష సంగతి. ఈ యంత్రాల్లో చాలావాటికి ముందుగా ఒక భాష ఎంచి పెట్టాలి. కొన్ని కార్లు, ఫోన్లు తెలుగూ వింటాయి. గూగుల్ 2017లోనే తెలుగులో నోటితో చెప్పి వెతికే వీలు కల్పించింది. అయితే ఏ తెలుగు? పుస్తకంలో తెలుగా, "పెట్టు"ను "వెట్టు" అనే తెలుగా, మధ్యలో "జర", "ఆవాజ్" దొర్లే తెలుగా? అత్తగారికి తుకారాం అభంగాలు కావాలి. అడిగే వాక్యం తెలుగు, అడిగింది మరాఠీ, మధ్యలో ఒక ఉర్దూ ముక్క. మనిషికి ఇందులో ఇబ్బందేముంది? దెగ్లూరు బజారులో బట్టల దుకాణం కుర్రాడు ఇంతకంటే గజిబిజి వాక్యం విని సరిగ్గా ఆ రంగు చీరే తీస్తాడు.

పాటల్ని మనం అడిగే తీరు కూడా వేరు. "సావిత్రి పాట" అంటాం. పాడింది సావిత్రి కాదని మనకి తెలుసు. ఏ సుశీల పాడిందో, ఏ లీల పాడిందో. అయినా తెర మీద కనిపించిన ముఖాన్ని బట్టే పాట మనకి గుర్తు. "పిన్ని పెళ్ళిలో మైకులో వేశారే, ఆ పాట" అన్నా ఇంట్లోవాళ్ళకి అర్థమవుతుంది. యంత్రానికి పాట పేరు, సినిమా పేరు, పాడినవాళ్ళ పేరు కావాలి. జ్ఞాపకానికి ఆ బీరువాలో అర లేదు.

ఇక్కడ రేడియో గుర్తు రాక మానదు. 1957లో మొదలైన వివిధభారతిలో మనకి "జనరంజని" ఉండేది. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారు తెలుగు పాటలు వినిపించేవారు. కార్డు ముక్క మీద పాట రాసి పంపితే, ఎన్నాళ్ళకో ఒకనాడు పాటకు ముందు మన పేరు, మన ఊరి పేరు, పిల్లల పేర్లు వరసగా చదివేవారు. ఇప్పటి జార్ఖండ్‌లో ఉన్న ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరికి దేశమంతటా పేరొచ్చింది ఈ కార్డుల పుణ్యానే. దాన్ని మనం "కోరిన పాట" అనేవాళ్ళం. కారుతో చేసేది ఆజ్ఞ. కోరికలో కోరినవాళ్ళ పేరుకు చోటుంది. ఆజ్ఞలో ఎవరు అడిగారన్నది ఎవరికీ పట్టదు. వేగం పెరిగింది, ఒప్పుకుంటాను. నెలల తరబడి కాచుకునే పని తప్పింది. పోయిందేమిటో కూడా లెక్కలో రాసుకోవాలిగా!

మర్యాద సంగతి ఇంకా తమాషా. ఇంగ్లీషులో "ప్లే" అంటే సరిపోతుంది, నువ్వో మీరో తేల్చనక్కర్లేదు. తెలుగులో నోరు తెరిస్తే వరస తేలాలి. "పెట్టు" అనాలా, "పెట్టండి" అనాలా? జవాబిచ్చేది ఆడగొంతు కాబట్టి కొందరు "పెట్టమ్మా" అంటున్నారు. మగవాళ్ళు మాత్రం ఏ అనుమానమూ లేకుండా "పెట్టు" అంటున్నారు. ఈ గొంతు ఆడదే ఎందుకయిందన్న ప్రశ్న నా ఒక్కదానిదే కాదు. ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ యునెస్కో 2019లో దీని మీదే ఒక నివేదిక వేసింది. ఎంత మాటన్నా నొచ్చుకోకుండా పనిచేసి పెట్టే గొంతు ఆడగొంతుగా ఉంటే, ఆడవాళ్ళంటే అలాగే ఉండాలన్న భావం ఇంకా బలపడుతుందని అందులో హెచ్చరించారు.

ఇప్పుడు రెండో నేరం. కోడలి గొంతు వినబడకపోవడం వింతేమీ కాదు. కారొలీన్ క్రియాడో పెరెజ్ 2019లో అచ్చువేసిన "ఇన్విజిబుల్ విమెన్" అనే పుస్తకంలో అమెరికాలో ఒకావిడ సంగతి చెప్పింది. ఆవిడ కొనుక్కున్న కారు ఆవిడ మాట వినేది కాదుట, పక్క సీట్లో కూర్చున్న భర్త మాట వినేదిట! బిచ్కుంద అయితేనేం, అమెరికా అయితేనేం! 2011లో కార్లకు ఈ ఏర్పాట్లు అమర్చే ఒక సంస్థ పెద్ద ఉద్యోగి, ఆడవాళ్ళు కాస్త శిక్షణ తీసుకుని, గట్టిగా, మైకు వైపు మాట్లాడటం నేర్చుకుంటే సరిపోతుందన్నాడు. చిన్నప్పట్నుంచీ "ఆడపిల్లవి, మెల్లిగా మాట్లాడు" అని నేర్పారు. ఇప్పుడు గట్టిగా మాట్లాడే శిక్షణ కూడా మనకేనన్నమాట!

కారణం మంత్రం కాదు. ఈ యంత్రాలకు ముందుగా వేల గంటల మాటలు వినిపించి నేర్పుతారు. ఎవరి గొంతులు ఎక్కువ వినిపిస్తే వాళ్ళ మాట బాగా తెలుస్తుంది. రేచల్ టాట్‌మన్ అనే భాషాశాస్త్రవేత్త 2017లో యూట్యూబు తనంతట తాను రాసుకునే అక్షరాలను పరిశీలించింది. మగవాళ్ళ మాటల్లో కంటే ఆడవాళ్ళ మాటల్లో ఎక్కువ తప్పులు దొరికాయి. స్కాట్లండు యాసకూ అదే గతి పట్టింది. ఆ తర్వాత కొన్నిచోట్ల తేడా తగ్గింది కూడా. అంటే లోపం మన గొంతులో లేదు, దాని చదువులో ఉంది. జవాబు చెప్పడానికి ఆడగొంతు పనికొచ్చింది, వినడానికొచ్చేసరికి పనికి రాలేదు! ఈ యంత్రం మీద నా ముఖ్యమైన ఫిర్యాదు ఇదే.

మూడో సంగతి ప్రాణాలతో కూడింది. చెయ్యి స్టీరింగు మీద, కన్ను రోడ్డు మీద ఉంటే చాలనుకుంటాం. మనసు ఎక్కడుంది? యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు అమెరికా మోటారు వాహనదారుల సంఘం ఏఏఏ వారి భద్రతా సంస్థ కోసం పరీక్షలు చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. నోటితో పాట మార్చుకున్నాక గానీ, ఫోను కలుపుకున్నాక గానీ, మనసు పూర్తిగా రోడ్డు మీదికి రావడానికి కొన్ని కార్లలో 27 సెకన్ల దాకా పట్టిందిట. లెక్క కట్టి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల మీద వెళ్తుంటే 27 సెకన్లలో బండి 450 మీటర్లు పోతుంది. మన రోడ్ల మీద ఆ 450 మీటర్లలో ఒక బడి, ఒక బస్సు స్టాపు, పత్తి మూటలతో లైటు లేని ట్రాక్టరు, నింపాదిగా దాటే నాలుగు బర్రెలు, అన్నీ ఉంటాయి. యంత్రం ఒక్కసారికి వినకపోతే మూడుసార్లు చెప్పాలి. విసుగు కూడా తోడవుతుంది. వినని యంత్రం అమర్యాదే కాదు, అపాయం కూడా.

అలాగని మీట పీకి పారెయ్యమనను. ఒంటరిగా కారు నడుపుకుంటూ ఉద్యోగానికి వెళ్ళే అమ్మాయికి ఇది నిజంగా ఆసరా. పాటలు ఇల్లు కదలకముందే వరసగా పెట్టుకోండి. పెన్‌డ్రైవులో వేసుకునేవాళ్ళు "అమ్మ", "పండగ" అని పలకడానికి తేలికైన పేర్లు పెట్టుకోండి. చెప్పేటప్పుడు కిటికీలు మూసి, ఏసీ గాలి తగ్గించండి. సిగ్నలు సన్నబడే సరిహద్దు దారుల్లో దాన్ని పెద్ద కోరికలు కోరకండి. ఒకసారి చెబితే వినకపోతే వదిలెయ్యండి, రోడ్డు ముఖ్యం.

అసలు మరమ్మతు మాత్రం వేరేచోట జరగాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన "భాషిణి"లో "భాషాదాన్" అని ఒక ఏర్పాటుంది. మన భాషలో నాలుగు వాక్యాలు చదివి, మన గొంతును యంత్రాల చదువుకి ఇవ్వచ్చు. నగరాల కుర్రాళ్ళే కాకుండా బిచ్కుంద పంతులమ్మలు, అత్తగార్లు కూడా తమ తెలుగును అక్కడ వినిపిస్తే రేపటి యంత్రానికి "జర ఆవాజ్ తగ్గియ్యి" అర్థం కాకపోదు. కంపెనీల వాళ్ళు కూడా ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చే ఆలోచన మాని యంత్రానికి ఇప్పిస్తే బాగుంటుంది. డబ్బు పోసి కొనేది మనమూనూ.

అంతవరకూ దారిలో పాట మార్చాలనిపిస్తే పక్క సీట్లో మనిషి ఉండనే ఉన్నారుగా, ఆయనకే చెప్పండి. ఒకసారి చెబితే "ఊఁ" అంటారు. రెండోసారి చెప్పండి. ఏం చేసినా ఆయనకి తెలుగొచ్చు.