యాత్రికుడును మిత్రుడును: కాశీయాత్రచరిత్రపై ఒక పరిశీలన

తెలుగులోని యాత్రాగ్రంథములలో ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్రచరిత్ర’కు అగ్రస్థానము నిచ్చుట వాడుక. అది తగిన గౌరవమే. కాని అందలి దేశవృత్తాంతమును, వ్యావహారికభాషను మెచ్చుకొని విరమించిన చాలదు. ఆ గ్రంథము పుట్టుటకు కారణమైన స్నేహమును గూడ విచారింపవలసియున్నది.

వీరాస్వామయ్య గారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయలుదేరి హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశి చేరిరి. గయ, కలకత్తా, జగన్నాథముల మార్గమున 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చిరి. దారిలోని సంగతులను మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళ గారికి ఎప్పటికప్పుడు వ్రాసి పంపుచుండిరి. 1836లో గ్రంథకర్త పరమపదించిరి. 1838లో ఆ వ్రాతలను అచ్చువేయించినవారు పిళ్ళ గారే.

ఈ గ్రంథపు గుణమంతయు ఆ స్నేహమునుండి వచ్చినదని మా అభిప్రాయము. మజిలీల మధ్య దూరము, నీటివసతి, అంగళ్ళు, సత్రములు మొదలగు చిన్న విషయములను గూడ ఆయన విడువలేదు. రాజులను మెప్పించుటకు వ్రాసినచో ఇవి చేరియుండవు. ఇంటనున్న మిత్రుడు రేపు ఇదే దారిని నడచినచో ఇబ్బంది పడరాదను తలంపు ప్రతి పుటయందును కనబడును.

అయినను ఒక లోపమును చెప్పక తప్పదు. ఆయన వృత్తియే ఒక భాషవారి మాటను మరొక భాషవారికి అందించుట. అట్టివారి గ్రంథములో పరభాషీయుల ఆచారములు విరివిగా తెలియుచున్నవి గాని, వారి మనస్సులు మనకు అంతగా తెలియవు. ఇది ఆయన తప్పని మేమనము. పెద్ద పరివారముతో నేడొక ఊర, రేపొక ఊర దిగువానికి తీర్థములోని పండాతో బేరము కుదురును గాని చెలిమి కుదురుటకు వ్యవధి యెక్కడిది?

నిలిచినవానికి ఆ వ్యవధి కలదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితులుగా చేరి, 1949 వరకు అచ్చట బోధించిరి. తెలుగున విమర్శకులుగా కీర్తినొందుచునే కన్నడమునను వ్యాసములు వ్రాసి, కన్నడిగులకును తమవారైరి. ఇందుకై ఆయన తెలుగును విడువలేదు.

కుందలహళ్ళి ఒకప్పుడు వైట్‌ఫీల్డు చెంతనున్న పల్లె. నేడు మహానగరములో కలిసిపోయినది. 2023లో మెట్రో రైలు గూడ వచ్చినది. ఇచ్చట ఇండ్లు కట్టుకొని, పిల్లలను పెంచుకొనుచున్న మనము యాత్రికులము కాము. అయినను పొరుగింటి కన్నడము మనలో పలువురికి కూరల అంగడి వరకే పరిమితమైనది. ఏండ్లు గడచినను మజిలీలో దిగినవారివలె ఉండిపోవుట మనకు తగదు.

కాశీయాత్రచరిత్రను మన పిల్లలచేత చదివింపవలెను. దూరముననున్న మిత్రునికి ఎట్లు వ్రాయవలెనో వారు వీరాస్వామయ్య గారివలన నేర్తురు. దగ్గరనున్న పొరుగువానితో ఎట్లు మెలగవలెనో మాత్రము మనయిండ్లలోనే నేర్వవలసియున్నది.