లోపలి గోడల లెక్క

రెరా అని అందరూ పిలిచే 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టాన్ని చాలామంది జరిమానాల సెక్షన్ల దగ్గర తెరుస్తారు. ఎంత శాతం, ఎన్నేళ్ల జైలు అని చూసుకుని పక్కన పెట్టేస్తారు. నేనైతే రెండో సెక్షన్ దగ్గర ఆగమంటాను. అక్కడ ఉండేవి నిర్వచనాలు. చప్పగా కనిపిస్తాయి గానీ, ఈ చట్టం రాసినవాళ్ల పనితనమంతా అక్కడే ఉంది. బిల్డరు ఏ సందులోంచి తప్పించుకుంటాడో ముందే ఊహించి, శిక్ష దాకా పోకుండా నిర్వచనంతోనే ఆ సందు మూశారు.

కార్పెట్ ఏరియా సంగతి చూడండి. చట్టం రాకముందు ఫ్లాటు అమ్మకమంతా సూపర్ బిల్టప్ లెక్కే. మెట్లు, లిఫ్టు, కారిడారు, క్లబ్‌హౌస్ అన్నిటిలోంచీ తలా కొంత తెచ్చి కొనేవాడి ఖాతాలో కలిపేవారు. ఎంత కలపాలన్నది బిల్డరు ఇష్టం. 1500 అడుగుల ఫ్లాటని డబ్బు కడితే, లోపల తిరగడానికి మిగిలేది వెయ్యికి కాస్త పైన. చట్టం దీనికి పొడవాటి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఒక్క వాక్యం రాసింది. ఫ్లాటులో వాడుకోగలిగిన నికర నేల విస్తీర్ణమే కార్పెట్ ఏరియా. బయటి గోడల మందం అందులోకి రాదు. పైపులు వెళ్లే షాఫ్టులు రావు. ఆ ఇంటివారికే చెందిన బాల్కనీ, వరండా, ఆరుబయలు టెర్రస్ కూడా రావు. లోపలి అడ్డుగోడలు మాత్రం వస్తాయి.

అడ్డుగోడలను ఎందుకు కలిపారా అని మొదట అనిపిస్తుంది. గోడ మందంలో ఎవరూ కాపురం చేయరు కదా. కానీ వాటిని తీసేసి ఉంటే, హాలుకీ వంటింటికీ మధ్య గోడ లేపినా పడగొట్టినా అంకె మారేది. అంకె మారేచోట బేరం మొదలయ్యేది. కలిపేశారు కాబట్టి బయటి గోడల లోపలి అంచు నుంచి అంచుకు టేపు పట్టి, షాఫ్టులు తీసేస్తే లెక్క తేలిపోతుంది. ఇంజనీరు రానక్కర్లేదు. మామూలు మనిషి సొంతంగా కొలిచి చూసుకోగల నిర్వచనం చట్టాల్లో అరుదు.

వడ్డీ నిర్వచనం ఇంకా పొట్టిది. పాత అగ్రిమెంట్లలో కొనేవాడు వాయిదా తప్పితే ఏడాదికి 18 శాతం కట్టాలి. బిల్డరు ఇల్లు ఆలస్యం చేస్తే ఇచ్చేది చదరపు అడుగుకు నెలకు ఐదో పదో రూపాయలు. ఇలాంటి ఒప్పందం ఏకపక్షమని 2019లో సుప్రీంకోర్టు కూడా తప్పుపట్టింది. రెరా ఫలానా శాతమే న్యాయమని తేల్చడానికి పూనుకోలేదు. బిల్డరు కొనేవాడి దగ్గర ఎంత వసూలు చేయగలడో, తాను తప్పితే అంతే చెల్లించాలని మాత్రం రాసింది. ఆ శాతం ఎంతో చెప్పే పని రాష్ట్రాల నియమాలకు వదిలింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది స్టేట్ బ్యాంకు రుణ రేటుపై మరో 2 శాతం.

ప్రమోటరు ఎవరన్న చోట మన ప్రాంతం గుర్తుకొస్తుంది. ఇక్కడ స్థలం ఒకరిది, కట్టేది ఇంకొకరు. డెవలప్‌మెంటు అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసుకుని ఫ్లాట్లు పంచుకుంటారు. గొడవ వస్తే కట్టింది నేను కాదని ఒకరు, అమ్మింది నేను కాదని ఇంకొకరు. కట్టేవాడూ అమ్మేవాడూ వేరైతే ఇద్దరూ ప్రమోటర్లే, ఇద్దరికీ ఉమ్మడి బాధ్యత ఉంటుందని నిర్వచనం కింద వివరణ చేర్చారు. బిల్డరు, కాలనైజరు, కాంట్రాక్టరు, డెవలపరు అని పేర్లు చెప్పి, ఏ పేరుతో పిలిచినా సరే అని ముగించారు. బోర్డు మార్చి బయటపడే వీలు లేదు.

గడువు విషయంలో చూపిన ఒడుపు నాకు అన్నిటికన్నా నచ్చింది. ఇల్లు ఎన్నాళ్లలో ఇవ్వాలో చట్టం చెప్పదు. ప్రాజెక్టును రెరాలో నమోదు చేసే రిజిస్ట్రేషన్ దరఖాస్తుతో పాటు ప్రమాణపత్రంలో బిల్డరే ఆ గడువు రాసివ్వాలి. ఒప్పందంలోని తేదీకి ఇల్లు అప్పగించకపోతే కొనేవాడు వడ్డీతో డబ్బు వెనక్కి అడగొచ్చు, లేదా ఆగి నెలనెలా వడ్డీ తీసుకోవచ్చు. ఇక బిల్డరు చెప్పే సాకులు. ఇసుక దొరకలేదు, కూలీలు ఊరెళ్లారు అన్నవి రిజిస్ట్రేషన్ గడువు పెంచే దైవాధీన కారణాల్లోకి రావు. యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుఫాను, భూకంపం, అలాంటి ప్రకృతి విపత్తులే వస్తాయి. వేరే సహేతుక కారణం చూపితే రెరా అథారిటీ పెంచగలిగేది మొత్తమ్మీద ఏడాదే. అప్పీలుకు పోయి కాలయాపన చేద్దామన్నా, కొనేవాడికి ఇవ్వాల్సిన సొమ్మంతా వడ్డీతో సహా ముందు జమ చేయాలి.

ఇదంతా తేలిగ్గా అమరలేదు. బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభకు వచ్చింది. 2016 మార్చిలో ఉభయసభలూ ఆమోదించాయి. అప్పుడు ఆ బిల్లు చూసే శాఖ మంత్రి మన వెంకయ్యనాయుడు. మధ్యలో ఒక స్థాయీ సంఘం, ఒక సెలెక్ట్ కమిటీ. క్రెడాయ్, నరెడ్కో వంటి బిల్డర్ల సంఘాలు తమ వాదన వినిపిస్తూనే ఉన్నాయి. పోరంతా అంకెల మీద. కొన్నవాళ్ల నుంచి వసూలైన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టుకే ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉంచాలన్నది మూలసూత్రం. 2013 బిల్లులో ఆ అంకె పక్కనే, ప్రభుత్వం నిర్ణయిస్తే అంతకన్నా తక్కువైనా సరే అన్న వెసులుబాటు ఉంది. 70 కోట అయితే ఈ తోక దొడ్డిదారి. 2015 సవరణల్లో అంకే 50కి దిగింది. చివరికి 70 తిరిగొచ్చింది, తోక పోయింది.

బిల్డర్ల వాదనలో నిజం లేదనను. స్థలానికి వాళ్లు డబ్బు ముందే పెడతారు. నిర్మాణానికే అంత సొమ్ము ముడిపెడితే స్థలం సొమ్ము ఎలా రాబట్టుకోవాలి? చట్టం ఆ ఖాతాను నిర్మాణ ఖర్చుకూ స్థలం ఖర్చుకూ రెండిటికీ వాడుకోనిచ్చింది. తీసే ముందు మాత్రం పని ఎంత పూర్తయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ ధ్రువీకరించాలి. ఒక వెంచరు సొమ్ముతో ఇంకో ఊళ్లో భూమి కొనే అలవాటుకు ఇదే అడ్డుకట్ట. వాళ్ల మరో ఫిర్యాదుకు మాత్రం న్యాయం జరగలేదు. అనుమతులిచ్చే కార్యాలయాలనూ చట్టం కిందికి తెమ్మని అడిగారు. చట్టం సింగిల్ విండో పెట్టమని ప్రభుత్వానికి సిఫారసు చేసే పని అథారిటీకి అప్పగించి సరిపెట్టింది. ఫైలు ఆపే అధికారికి గడువూ లేదు, వడ్డీ లేదు. ఇది రాతలో లోపమే.

ఇంకో లోపం ఒక్క పదంలో ఉంది. 500 చదరపు మీటర్లు మించని స్థలం ‘లేదా’ ఎనిమిది మించని ఫ్లాట్లు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దశలుగా విడగొట్టి తప్పించుకోకుండా అన్ని దశలూ కలిపి లెక్కించమన్నారు. అంత జాగ్రత్త పడి ఆ ‘లేదా’ను మాత్రం వదిలేశారు. 500 మీటర్లంటే 598 గజాలు. అంత స్థలంలో పది ఫ్లాట్లు లేపడం మన పట్టణాల్లో మామూలు. అక్షరాలా చదివితే అలాంటివి రిజిస్ట్రేషన్‌కు అందవు.

బ్రోకర్ల దగ్గర మళ్లీ పదును కనిపిస్తుంది. కమీషను తీసుకుని కొనేవాడినీ అమ్మేవాడినీ ఒకరికొకరు పరిచయం చేసినా ఏజెంటే, ఏ మాధ్యమంలోనైనా. వాట్సాప్‌లో బ్రోచరు తిప్పి వాటా పుచ్చుకునే మిత్రుడూ ఇందులోకి వస్తాడు. రిజిస్టరు కాని ప్రాజెక్టును అతను అమ్మించకూడదు, లేని అనుమతులు ఉన్నాయని చెప్పకూడదు. చదువు, పరీక్ష అన్న షరతు మాత్రం చట్టంలో లేదు. 2023లో మహారాష్ట్ర ఆ లోటు పూరించి శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది.

కేంద్రంలో బిగించిన ముడిని రాష్ట్రాల్లో వదులు చేశారు. 2017 మే 1 నాటికి కంప్లీషన్ సర్టిఫికెట్ లేని ప్రాజెక్టులన్నీ మూడు నెలల్లో రిజిస్ట్రేషన్‌కు రావాలని చట్టం అంది. తెలంగాణ నియమాలు 2017 జనవరి 1కి ముందు అనుమతి పొందినవాటిని పక్కన పెట్టేశాయి. పార్లమెంటులో రెండున్నరేళ్లు పోరాడినా దొరకని సడలింపు ఒక జీవోలో దొరికింది. కోర్టులు మాత్రం మూల చట్టాన్ని కాపాడాయి. బాంబే హైకోర్టు 2017లో, సుప్రీంకోర్టు 2021లో దాన్ని నిలబెట్టాయి.

హైదరాబాద్‌లో ఇప్పటికీ ధర సూపర్ బిల్టప్ ఎస్‌ఎఫ్‌టీ మీదే చెబుతారు. ప్రీలాంచ్ పేరుతో, యూడీఎస్ (విభజించని స్థలంలో వాటా) పేరుతో రిజిస్ట్రేషన్ నంబరు రాకముందే మొత్తం సొమ్ము అడుగుతారు. అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయకుండా పదో వంతుకు మించి తీసుకోకూడదని 13వ సెక్షన్ చెబుతోంది. చెక్కు రాసే ముందు రెరా నంబరు అడగండి, కార్పెట్ ఏరియా ఎంతో కాగితం మీద రాయించుకోండి. రెండిట్లో ఏది ఇవ్వకపోయినా చెక్కు రాయకండి.