ఎడిటర్ వేసే మొదటి ప్రశ్న

సైన్సు జర్నళ్లకు వచ్చే పేపర్లు చదివి అభిప్రాయం రాయడం నా వృత్తిలో భాగం. ఆ పని చేసేకొద్దీ నాకొకటి బలంగా అనిపిస్తోంది. పేపర్ భవితవ్యం చాలావరకు రిఫరీ చేతికి చేరకముందే తేలిపోతుంది. దాన్ని తెరవగానే ఎడిటర్ మనసులో ఏ ప్రశ్న ముందు మెదిలితే, మిగతాదంతా ఆ దారినే నడుస్తుంది.

1905లో బెర్న్ పేటెంట్ ఆఫీసు ఉద్యోగి ఐన్‌స్టీన్ ‘అనాలెన్ డెర్ ఫిజీక్’కి వరసగా పేపర్లు పంపాడు. సైద్ధాంతిక వ్యాసాల విషయంలో ఆ పత్రికకు పెద్దదిక్కు మాక్స్ ప్లాంక్. వాటిలో ఒక పేపర్ చేసిన, కాంతి శక్తిపొట్లాలుగా ఉంటుందన్న వాదన ఆయనకు ఏళ్ల తరబడి మింగుడుపడలేదు. అయినా ఆ పేపర్ అచ్చయింది. ‘ఇందులో ఆలోచించదగ్గది ఉందా?’ అన్నదే అక్కడి కొలమానమని నాకనిపిస్తుంది. ఐన్‌స్టీన్‌కు 1921 నోబెల్ తెచ్చిపెట్టింది ఆ పేపరే.

1936 నాటికి ఐన్‌స్టీన్ జగద్విఖ్యాతుడు. గురుత్వ తరంగాలు లేవని తేలుస్తూ, నేథన్ రోజెన్‌తో కలిసి ‘ఫిజికల్ రివ్యూ’కి పేపర్ పంపాడు. ఎడిటర్ జాన్ టేట్ ఆ పేరు చూసి తలూపలేదు. ‘లెక్క సరిపోయిందా?’ అని రిఫరీకి పంపించాడు. పది పేజీల విమర్శ వచ్చింది. అచ్చుకు ముందు ఇంకొకరికి చూపించమని మేం చెప్పలేదే అంటూ ఐన్‌స్టీన్ కోపంతో పేపర్ వెనక్కి తీసుకున్నాడు. చివరికి తప్పు తెలిసి, ముగింపు మార్చుకుని, 1937లో వేరే జర్నల్లో ప్రచురించాడు. 2015లో లైగో పరిశోధన కేంద్రం ఆ తరంగాలను పట్టుకుంది.

అదే 1937లో జీవరసాయన శాస్త్రవేత్త హాన్స్ క్రెబ్స్ సిట్రిక్ ఆమ్ల చక్రం గురించి ‘నేచర్’కి రాశాడు. ఏడెనిమిది వారాలకు సరిపడా ఉత్తరాలు అప్పటికే ఉన్నాయని తిప్పి పంపారు. అక్కడ ముందు తోచిన ప్రశ్న ‘చోటుందా?’. 1953లో క్రెబ్స్‌కు నోబెల్ వచ్చింది ఆ ఆవిష్కరణకే.

ప్లాంక్ ప్రశ్నా, టేట్ ప్రశ్నా రెండూ గౌరవించదగ్గవే. కానీ ఏ ఒక్కటీ చాలదు. కొత్తదనాన్ని ప్రేమించే ఎడిటర్ తనలాంటి రిఫరీనే వెతుక్కుంటే తప్పులు అచ్చవుతాయి. శంకించే ఎడిటర్ మరో శంకించేవాణ్ణే పిలిస్తే కొత్త ఆలోచనకు పురిట్లోనే సంధి కొడుతుంది. టేట్ ఎంచుకున్న రిఫరీ హెచ్.పి. రాబర్ట్‌సన్ అని 2005లో బయటపడింది. ఆయన తప్పు పట్టి ఊరుకోలేదు. నిర్దేశాంకాలు మార్చి చూస్తే చిక్కు ఎలా విడిపోతుందో కూడా చూపించాడు. నన్ను కదిలించేది ఆ ఓపికే.

ఎడిటర్ తన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసుకుని, రెండో ప్రశ్న వేయగల మనిషిని వెతకాలి. తిరస్కరించాల్సి వస్తే పేపర్ ఏ ప్రశ్న దగ్గర ఆగిందో చెప్పాలి. చోటు లేకపోతే లేదని, లెక్క తప్పితే తప్పిందని విడమరచి రాయాలి. తొలి పేపర్ పంపి నెలల తరబడి ఎదురుచూసే పరిశోధక విద్యార్థికి దక్కాల్సిన కనీస మర్యాద అది.