‘కమిటెడ్’ అనే మాట: రెండు సినిమాలు, ఒక పాత పుస్తకం

ఆదిలాబాద్ పిల్లలు, భద్రాద్రి పిల్లలు రైళ్లలో వచ్చి సికింద్రాబాద్‌లో దిగుతారు. డిగ్రీకో, నర్సింగ్‌కో, కోచింగ్‌కో, షాపింగ్ మాల్‌లో పనికో. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్ల నోట కొత్త మాటలు వినబడతాయి. అందులో ‘కమిటెడ్’ ఒకటి. “ఆమె కమిటెడ్ సార్” అంటారు. పెళ్లి కాలేదు, నిశ్చితార్థం కాలేదు. ఇకమీదట ఒకరితో ఒకరమే, మూడో మనిషి లేరని ఇద్దరూ అనుకున్నారని అర్థం. ఈ ఒప్పందం ప్రేమకు మేలు చేస్తుందా, చెరుపు చేస్తుందా? పెద్దలు ఇంతదూరం రారు, ప్రేమే తప్పని తేల్చేస్తారు. పిల్లలు కూడా అడగరు. జవాబు సినిమా ముందే చెప్పేసింది మరి.

ఏం చెప్పిందో చూద్దాం. 2017లో వచ్చిన ‘అర్జున్ రెడ్డి’ని మన హాస్టళ్లలో చూడని కుర్రాడు అరుదు. సందీప్ రెడ్డి వంగా దర్శకుడు. మంగళూరు వైద్య కళాశాలలో సీనియర్ అయిన హీరో, కొత్తగా చేరిన ప్రీతిని చూస్తాడు. చూసి, క్లాసుల్లోకి వెళ్లి ఆ అమ్మాయి తనదని, ఎవరూ ఆమె జోలికి రాకూడదని ప్రకటిస్తాడు. అప్పటికి ప్రీతితో ఒక్క ముక్క మాట్లాడలేదు. అంటే ఒప్పందం కుదిరింది, కానీ హీరోకీ మిగతా మగపిల్లలకీ మధ్య. అమ్మాయి అందులో సంతకం చేసిన మనిషి కాదు, సంతకం కింద రాసిన వస్తువు. తర్వాత ఆమె కూడా ప్రేమిస్తుంది, నిజమే. కానీ చివరికి లెక్క చూడండి. విడిపోయిన కాలంలో అతను వేరే ఆడవాళ్లతో గడుపుతాడు, అది అతని దుఃఖం కింద జమ. ఆమె మాత్రం తాళి కట్టినవాడు తనను తాకలేదని, కడుపులో బిడ్డ నీదేనని చెప్పాల్సి వచ్చింది. హాల్లో చప్పట్లు కొట్టింది అక్కడే. సినిమా బాగా తీశారు, ఆ మాట దాచను. బాగా తీయబట్టే ఇంత లోతుగా దిగింది.

2025 నవంబరులో వచ్చిన రాహుల్ రవీంద్రన్ ‘ది గర్ల్‌ఫ్రెండ్’ అదే కథను అమ్మాయి వైపు నుంచి చెప్పింది. ఎంఏ చదువుకోవడానికి వచ్చిన భూమ అనే అమ్మాయి, తాను ఎప్పుడు ఒప్పుకుందో తనకే తెలియకుండా విక్రమ్‌కి గర్ల్‌ఫ్రెండ్ అయిపోతుంది. తర్వాత అతని తల్లిని చూస్తుంది. నోరు మెదపని ఆ తల్లిలో తన రేపటి బతుకు కనబడుతుంది. ఈ సినిమా నచ్చని కుర్రాళ్లు “అతను కొట్టలేదు, మోసం చేయలేదు, తప్పేముంది?” అనవచ్చు. తప్పు అక్కడే ఉంది. ఆమె ‘సరే’ అన్న రోజు ఒక్కటీ ఆ కథలో లేదు.

ఇది చూసి, అసలు మాట ఇచ్చుకోవడమే బంధనం, ఎవరికీ కట్టుబడకుండా ఉంటే గొడవే లేదు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఇల్లు వదిలి రెండు వందల కిలోమీటర్లు వచ్చిన అమ్మాయికి పేరు లేని స్నేహం ఎక్కువ బాధ. వాడు పిలిచినప్పుడు వెళ్లాలి, ఏమిటి మన సంగతి అని అడిగితే ‘ఫ్రెండ్స్’ అంటాడు. పుస్తకం ముందు కూర్చుని ఫోన్ చూసుకుంటూ పరీక్ష పోగొట్టుకునేది ఆ పిల్లే. సూటిగా ఒక మాట అనుకుంటే ఆ కాపలా తప్పుతుంది.

ఈ ప్రశ్న పట్నంలో పుట్టిందని అనుకుంటాం. కాదు. 1947లో వెరియర్ ఎల్విన్ బస్తర్ మురియాల ఘోటుల్ మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆదిలాబాద్ గోండుల్లో ఘోటుల్ లేదు కానీ, మురియాలు మనకు దూరం వాళ్లు కారు. ఆ పుస్తకాన్ని బయటివాళ్లు ఏ ఆసక్తితో చదివారో మనకు తెలుసు. మన పిల్లలకు కావలసిన పేజీలు వేరే ఉన్నాయి. ఎల్విన్ రెండు రకాల ఘోటుళ్లను చూశాడు. ఒక రకంలో ఒక అబ్బాయికి ఒక అమ్మాయి జోడీ, ఆ జోడీ తప్పితే శిక్ష. ఇంకో రకంలో జోడీ కట్టడమే తప్పు. ఒకరితోనే కొద్ది రోజులకు మించి ఉంటే జరిమానా. ఈర్ష్య పుట్టకూడదు, రేపు ఇంటివాళ్లు చేసే పెళ్లికి ఈ మమకారం అడ్డు రాకూడదు అని దానికి కారణం చెప్పేవారు. అంటే ఒకరితో ఒకరే ఉండటం మంచిదా కాదా అన్న వాదన మన అడవిలోనే నడిచింది, రెండు ఊళ్లు రెండు జవాబులు చెప్పుకున్నాయి.

ఎల్విన్‌కి రెండో రకం మీద మనసు ఎక్కువ. మురియాల పెళ్లిళ్లలో విడాకులు చాలా తక్కువని లెక్క కూడా చూపాడు. ఆ ఇష్టం అతని కళ్లకు కొంత అడ్డం పడిందని నా అభిప్రాయం. మొదటి దాంట్లో వదిలి వెళ్లే వీలు తక్కువ, రెండో దాంట్లో ఉండిపోయే వీలు లేదు. ఉండిపోదామనుకున్న అమ్మాయి మీద జరిమానా వేయడం స్వేచ్ఛ ఎలా అవుతుంది? కాబట్టి ఘోటుల్‌ని తెచ్చి సికింద్రాబాద్ హాస్టల్‌కి పాఠం చెప్పలేను. అయితే రెండు రకాల్లోనూ ఒకటుంది. ఎవరు ఎవరితో ఉన్నారో అందరికీ తెలుసు. అమ్మాయిలకు పెద్దగా ‘బెలోసా’ ఉండేది. ఇబ్బంది వస్తే చెప్పుకోవడానికి ఒక మనిషి, ఒక చోటు.

సికింద్రాబాద్‌లో మన పిల్లల కమిట్‌మెంట్‌కు సాక్షి రెండు ఫోన్లు. హాస్టల్లో తెలియకూడదు, ఇంట్లో అసలే తెలియకూడదు. తెగలు వేరైనా, గోండుల్లో ఇద్దరిదీ ఒకే సగ అయినా, ఇంకా గుట్టు. ఆ గుట్టులోనే ‘నువ్వు నాదానివి’ అన్న మాట బలుస్తుంది. మొదట పాస్‌వర్డ్ అడుగుతాడు. తర్వాత క్లాసులో పక్కన ఎవరు కూర్చున్నారంటాడు. అమ్మాయిలూ అడుగుతారు, వాళ్లేం తక్కువ కాదు. కానీ ఫోటోలు బయట పెడతానని బెదిరించేది ఎక్కువగా అబ్బాయే. ఆ రోజు ఆమె ఎవరి దగ్గరికి వెళ్తుంది? అమ్మకు చెబితే చదువు మానిపిస్తారు. టీచర్‌కి చెబితే ముందు నీతి చెబుతారు. మనం టీచర్లం ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి.

విడిపోవడం సంగతి ఇంకొకటి. గోండు గూడెంలో పెళ్లి చెడితే పెద్దలు కూర్చుంటారు. ఆమె ఇంకొకరిని చేసుకుంటే ఆ కొత్తవాడు పాత భర్తకు ఇవ్వాల్సింది మాట్లాడుకుంటారు. ఆమెను సొమ్ముతో తూచే ఆ పద్ధతిని నేను మెచ్చుకోను. అయినా వెళ్లిపోయిన ఆడదానికి అక్కడ మళ్లీ ఒక ఇల్లు ఉంటుంది, పండక్కి పిలుపు ఉంటుంది. అర్జున్ రెడ్డి ప్రీతికి ఆరు గంటల గడువిచ్చి వెళ్లాడు. భూమ వద్దన్నందుకు కాలేజీ అంతా ఆమె పరువు తీశారు. మన కుర్రాళ్లతో ఈ రెండు సినిమాలు చూపించి మాట్లాడినప్పుడు, ఎలా కమిట్ అయ్యారన్నది వాళ్లు బాగానే చెబుతారు. ఆమె రేపు ‘ఇక వద్దు’ అంటే ఏం చేస్తావని అడిగితే గది నిశ్శబ్దం. చివరి బెంచీ నుంచి ఒకడు, “సార్, అలా అంటదా?” అంటాడు.