118 పక్కనే 119

ఈ వారం వాట్సాప్‌లో ఒక జాబితా చక్కర్లు కొడుతోంది. కొరియర్ గోడౌన్లలో పార్సెళ్లు తప్పు బండి ఎక్కకుండా పాటించాల్సిన సూత్రాలట. సగానికి పైగా ఒకటే పాట: శ్రద్ధ పెట్టండి, తొందరపడకండి, రెండుసార్లు చూడండి. గోడకంటించే హితబోధలంటే నాకెంత ఒళ్లుమంటో ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెల్లవారకముందే వ్యాన్ నింపడానికి నిలబడ్డ కుర్రాడికి శ్రద్ధ ఉండదని ముందే తీర్మానించుకుని రాసే మాటలవి. అతని చేతిలోకి పెట్టె రాకముందే తప్పుకు ఎక్కడ చోటు దొరికిందో ఎవరూ అడగరు. అది అడగడానికి మన కోలారు జిల్లా కంటే మంచి చోటు లేదు.

పిన్‌కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది, శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించారు. మొదటి అంకె 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక మూడూ కలిసిన మండలం. రాష్ట్రాలు విడిపోయినా తపాలా లెక్కలో మనమంతా ఒకే గూట్లో ఉన్నాం. 563 దాకా వస్తే మన ప్రాంతం. మిగతా మూడంకెలు పోస్టాఫీసువి. ఇప్పుడు వరస చూడండి: ఆండర్సన్‌పేట 113, బంగారపేట 114, బెమెల్ నగర్ 115, బేతమంగళ 116, ఛాంపియన్ రీఫ్స్ 117, కోరమాండల్ 118, మారికుప్పం 119, ఊరుగాం 120. ఇంగ్లీషు అక్షరాల వరసలో ఊళ్లను పేర్చి నంబర్లు వేసుకుంటూ పోయారని చూస్తేనే తెలుస్తుంది. నేల మీది వరస వేరు. బంగారపేటలో రైలెక్కితే మొదట కోరమాండల్, తర్వాత బెమెల్ నగర్, ఊరుగాం, ఛాంపియన్, చివరికి మారికుప్పం. అంటే కాగితం మీద పక్కపక్కనున్న 118, 119 నేల మీద లైనుకు ఈ కొసా ఆ కొసా. గోడౌన్‌లో పిన్‌కోడ్ వరసలో కుప్పలు పోస్తే ఈ రెండూ ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. పై నుంచి ఒక చిన్న పెట్టె జారి పక్క కుప్పలో పడితే చాలు, మొదటి మజిలీలో దిగాల్సింది చివరి మజిలీ దాకా ఊరేగుతుంది.

ఇక్కడ నా పాత పిచ్చి అడ్డం పడుతుంది: తనిఖీ అంకె. ఆధార్‌లో చివరి అంకె అదే. రైల్వే వ్యాగన్ మీది పదకొండంకెల్లో ఆఖరిదీ అదే. ముందున్న అంకెల్లో ఒకటి తప్పితే లెక్క పొసగదు, యంత్రం ఒప్పుకోదు. పిన్‌కోడ్‌కు ఆ కాపలా లేదు; 118 బదులు 119 అని రాస్తే అదీ నిఖార్సయిన పోస్టాఫీసే. ఇన్నేళ్లుగా ఇదే లోపమని వాదిస్తూ వచ్చాను. కానీ జారిపడ్డ పెట్టె విషయంలో నా వాదం చెల్లదు. దాని లేబుల్ మీద అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పిందల్లా అది ఉన్న చోటు. 2025లో తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్‌తోనూ ఇస్రో వారి సంస్థతోనూ కలిసి తెచ్చిన డిజిపిన్ దేశాన్నంతా నాలుగేసి మీటర్ల గళ్లుగా కోసింది. ఇల్లు ఎక్కడుందో అది చెబుతుంది, కాదనను. పెట్టె వ్యాన్‌లో ఏ మూలనుందో చెప్పదు.

స్కానర్ ఉందిగా అంటారు. ఉంది, అయితే చాలాచోట్ల బల్ల దగ్గర నలభై పెట్టెలు టకటకా స్కాన్ చేసి, ఆ తర్వాత తోపుడు బండి మీద వ్యాన్ దాకా తీసుకెళ్తారు. బీప్ ఒకచోట, పెట్టడం ఇంకోచోట. ఆ మధ్య దూరంలో ఏం జరిగినా యంత్రం దృష్టిలో పెట్టె ఎక్కినట్టే లెక్క. 2001 ఫిబ్రవరి 28న మూతపడే దాకా నడిచిన మన బంగారు గనుల్లో మనుషుల్ని ఇలా దించి ఉంటే ఏమయ్యేదో! మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న గనిలో మనుషుల్ని దించే కేజ్ ఎక్కేముందు, మనుషులు ఎక్కబోతున్నారని మూడుసార్లు గంట కొట్టాలి. ఇంజిన్ దగ్గర్నుంచి బదులు గంటలు వచ్చాకే ఎక్కాలి. కేజ్ కదలకముందే, దాని వాకిట్లోనే అడగడం, బదులు రావడం జరిగిపోవాలి. లోడింగులోనూ స్కాన్ జరగాల్సిన చోటు వ్యాన్ తలుపే, ఒక్కో పెట్టెనూ లోపల పెడుతూ. లోపల పేర్చే వరస కూడా పిన్‌కోడ్‌ది కాకుండా దారిది కావాలి: మారికుప్పం సంచులు క్యాబిన్ వైపు లోతుగా, కోరమాండల్‌వి తలుపు దగ్గర.

కోలారు టమోటా మార్కెట్‌లో హమాలీలు ఏ స్కానరూ లేకుండా పదిహేను కిలోల క్రేట్లు లారీల కొద్దీ ఎక్కించడం లేదా అని ఎవరైనా అడగొచ్చు. ఎక్కిస్తున్నారు. కానీ ఆ లారీ నిండా ఉండేది ఒకే సరుకు, చాలాసార్లు పోయేది కూడా ఒకే మండీకి. ఏ క్రేటు ముందు దిగినా నష్టం లేదు. కొరియర్ వ్యాన్‌లో ప్రతి పెట్టెకూ వేరే గుమ్మం.

యాజమాన్యాలు ఎత్తే అసలు అభ్యంతరం సమయం. తలుపు దగ్గర ఒక్కొక్కటీ స్కాన్ చేస్తే బండి ఆలస్యమవుతుంది. నిజమే, అవుతుంది. కానీ కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌కు (కె.జి.ఎఫ్.) చేరాల్సిన పెట్టె అడ్రసులో కోలార్ అన్న మాట చూసి కోలారు ఊరి బండెక్కిస్తే, ముప్పై కిలోమీటర్ల దారి అటూ ఇటూ. ఆ ఖర్చు లోడింగ్ పద్దులో పడదు, డెలివరీ పద్దులో పడుతుంది కాబట్టి గోడౌన్ మేనేజరుకు కనబడదు.

యంత్రాలను ఇంతగా వెనకేసుకొచ్చే నేను చివరికి ఒక చెక్క అర కోసం అడగాల్సి వస్తోంది. మారికుప్పం అని రాసి కోలారు ఊరి 563101 వేసిన పెట్టెకు స్కానర్ హాయిగా బీప్ కొట్టి కోలారు బండెక్కిస్తుంది. అనుమానపడేది ఇక్కడి ఊళ్లు తెలిసిన లోడరే. అలాంటి పెట్టెను పక్కన పెట్టడానికి వ్యాన్ తలుపు దగ్గర ఒక అర ఉండాలి, పెట్టినందుకు అతని రోజువారీ లెక్కలో కోత పడకూడదు. ఇప్పుడు చాలాచోట్ల గంటకు ఎన్ని ఎక్కించావన్నదే లెక్క. అందుకే అనుమానం వచ్చినవాడు కూడా నోరు మూసుకుని ఎక్కించేస్తాడు.